హాలె నుంచి పిల్లలమర్రి దాకా: తెలుగు చదువరి, జర్మన్ చదువు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి ఈ పాఠ్యాంశం చదువుతున్న మీలో చాలామంది వారమంతా ఏదో ఒక పని చేసుకుంటూ ఆదివారం అధ్యయన కేంద్రానికి వచ్చేవారే. విశ్వవిద్యాలయంలో జర్మన్ భాష, సంస్కృతి చదవడం అనే మాట వినగానే మీకు కలిగే మొదటి సందేహం మాకు తెలుసు. ఇంగ్లిషే అంతంతమాత్రం, ఇక జర్మన్ ఎలా వస్తుంది? ఈ సందేహం వెనుక ఒక నమ్మకం ఉంది. ఐరోపాలోని ఏ భాషకు వెళ్లాలన్నా ఇంగ్లిషు వాకిట్లోంచే వెళ్లాలని, తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఆ వాకిలి సగం మూసే ఉంటుందని మనం అనుకుంటాం. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో చరిత్రను అడిగి చూద్దాం. అందుకోసం ముందుగా జర్మనీలోని ఒక నగరానికి వెళ్లాలి. దాని పేరు హాలె.

జర్మన్ కూడా ఒకప్పుడు చదువుకు పనికిరాని భాషే

జర్మనీలో విశ్వవిద్యాలయాలు 14వ శతాబ్దం నుంచి ఉన్నాయి. కానీ వాటిలో పాఠం చెప్పే భాష జర్మన్ కాదు, లాటిన్. ఇంట్లో, సంతలో మాట్లాడే భాష ఒకటి, తరగతిలో వినే భాష మరొకటి. న్యాయశాస్త్రం, వైద్యం, తత్త్వం వంటి గంభీర విషయాలు జర్మన్‌లో చెప్పడం కుదరదని పండితులు నిజంగానే నమ్మారు. ఈ వాదన మీకు ఎక్కడో విన్నట్లు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. తెలుగు గురించి మన దగ్గర ఇప్పటికీ వినిపించే వాదన ఇదే.

1687లో లైప్జిగ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ తొమాసియుస్ అనే యువ న్యాయశాస్త్ర బోధకుడు తన ఉపన్యాసాన్ని ప్రకటిస్తూ ఒక కాగితం అంటించాడు. అలాంటి ప్రకటనలు లాటిన్‌లో ఉండటం ఆచారం. ఇతను జర్మన్‌లో రాశాడు, ఉపన్యాసమూ జర్మన్‌లోనే ఇస్తానన్నాడు. పెద్దలకు ఇది నచ్చలేదు. మతపరమైన ఇతర వివాదాలూ తోడై 1690 నాటికి అతను లైప్జిగ్ వదిలి వెళ్లాల్సివచ్చింది. వెళ్లింది హాలెకు. 1694లో అక్కడ స్థాపించిన కొత్త విశ్వవిద్యాలయానికి పునాది వేసినవారిలో అతనూ ఒకడు. జర్మన్‌లో బోధనకు గట్టి ఆదరణ దొరికిన తొలి విశ్వవిద్యాలయాల్లో హాలె ముఖ్యమైనది. ఒక్క ఉపన్యాసంతో లాటిన్ పోలేదు. ఆ మార్పుకు ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. అయితే కాంట్, హేగెల్ వంటి తత్త్వవేత్తలు తమ ప్రధాన గ్రంథాలను జర్మన్‌లో రాయగలిగారంటే, ఆ భాషలో శాస్త్ర పరిభాషను ఒక్కొక్క మాటగా తయారుచేసుకున్న ఆ కాలమే కారణం.

ఈ నేపథ్యం మనకు ఎందుకంటే, జర్మన్ పుట్టుకతోనే విజ్ఞాన భాష కాలేదు. అలా చేసుకున్నారు. జర్మన్ చదువులో ఇది మొదటి పాఠం. మన దగ్గర జర్మన్ వ్యాకరణ తరగతుల్లో దీన్ని చెప్పకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం.

హాలెలో అచ్చయిన తెలుగు

తొమాసియుస్ హాలెకు వచ్చిన కాలంలోనే అక్కడ ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే మతబోధకుడు అనాథాశ్రమం, పాఠశాలలు, అచ్చుకూటం ఏర్పాటు చేశాడు. డెన్మార్క్ రాజు అండతో తమిళ తీరంలోని తరంగంబాడికి వెళ్లిన మిషనరీలలో చాలామంది ఆ సంస్థలో తయారైనవారే. వారిలో బెంజమిన్ షుల్ట్జ్ 1719లో వచ్చాడు. కొన్నేళ్లకు మద్రాసు చేరి అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. 1728లో తెలుగు వ్యాకరణం ఒకటి రాశాడు. ఇది లాటిన్‌లో ఉంది. తెలుగు భాషకు ఒక ఐరోపా వాసి రాసిన తొలి వ్యాకరణాలలో ఇది ఒకటి.

అతను 1743లో హాలెకు తిరిగి వెళ్లాడు. 1746, 1747 సంవత్సరాల్లో తన తెలుగు అనువాదాలను అక్కడే అచ్చు వేయించాడు. తెలుగులో తొలి ముద్రిత పుస్తకాలుగా సాధారణంగా పేర్కొనేవి ఇవే. కాస్త ఆగి ఆలోచించండి. మన భాష మొదటిసారి అచ్చయింది మద్రాసులో కాదు, మచిలీపట్నంలోనూ కాదు, తెలుగు చదవగలిగినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేని ఒక జర్మన్ ఊరిలో. అవి మతప్రచార పుస్తకాలు. వాటి తెలుగు తడబడుతుంది. సాహిత్యంగా వాటికి గొప్ప విలువ లేదు. కానీ తెలుగు అక్షరాలను సీసపు దిమ్మలుగా మలచిన తొలి ప్రయత్నం అది. ఆ పుస్తకాల్లో షుల్ట్జ్ జర్మన్ నుంచి తెలుగులోకి నేరుగా వచ్చాడు. మధ్యలో ఇంగ్లిషు లేదు.

అయితే ఆ వ్యాకరణం రాతప్రతిగానే మిగిలిపోయింది. అది హాలెలో పుస్తకంగా వెలువడింది 1984లో, రాసిన 256 ఏళ్లకు. ఈలోగా 1814లో విలియం కేరీ, 1816లో ఎ.డి. కాంప్‌బెల్ ఇంగ్లిషులో తెలుగు వ్యాకరణాలు ప్రచురించారు. 1850లలో సి.పి. బ్రౌన్ నిఘంటువు వచ్చింది. పొరుగు భాషలతో పోల్చి చూడండి. మలయాళానికి 1872లో నిఘంటువు ఇచ్చిన హెర్మన్ గుండర్ట్ జర్మన్. కన్నడానికి 1894లో నిఘంటువు ఇచ్చిన ఫెర్డినాండ్ కిట్టెల్ కూడా జర్మన్. అందుకే కేరళలో గుండర్ట్, కర్ణాటకలో కిట్టెల్ ఇంటి మనుషుల్లా గుర్తుంటారు. (గుండర్ట్ మనవడే 'సిద్ధార్థ' నవల రాసిన హెర్మన్ హెస్సె. ఆ తాతగారి ఇంటి పుస్తకాల్లోంచే భారతదేశం అతని ఊహలోకి వచ్చింది.) మనకు ఆ స్థానంలో బ్రౌన్ ఉన్నాడు. షుల్ట్జ్ పేరు తెలిసినవారు తక్కువ. తెలుగుకూ జర్మన్‌కూ మధ్య ఇంగ్లిషు వచ్చి కూర్చోవడం అంటే ఆచరణలో జరిగింది ఇదే: ఒక వ్యాకరణం అచ్చు కాలేదు, మిగతావి అయ్యాయి.

హాలెతో మన సంబంధం అక్కడితో తెగలేదు. డ్రెస్డెన్‌లో పుట్టిన ఒయిగెన్ హుల్ట్జ్ 1886 నుంచి 1903 వరకు మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడిగా పనిచేశాడు. దక్షిణ భారత శాసన సంపుటాలకు ఆద్యుడు ఆయనే. కాకతీయుల కాలపు శాసనాలను కూడా పరిష్కరించి ప్రచురించాడు. తరువాత వెళ్లి సంస్కృత ఆచార్యుడిగా చేరింది హాలెలోనే. అయితే ఆయన అధికార పరిధి మద్రాసు రాష్ట్రం. మీ సూర్యాపేట, మిర్యాలగూడ అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నాయి. అక్కడ పురావస్తు శాఖ ఏర్పడింది 1914లో. అందువల్ల పిల్లలమర్రి శాసనాల వంతు ఆలస్యంగా వచ్చింది.

ఇక్కడ మిర్యాలగూడ వారికి ఒక మాట. వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. గుంటూరు వైపు వెళ్లే రైలులో ఆ వంతెన మీద మీరు ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. 1842లో అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున గుంటూరుకు వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హైయర్ తరువాత కొంతకాలం గురజాలలో ఉండి పనిచేశాడు. అతను పంపిన సంఘం అమెరికాది గానీ, పుట్టింది 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. అంటే నదికి అటు ఒడ్డున ఒక జర్మన్ తెలుగు నేర్చుకుంటున్నాడు. నదికి ఇటు ఒడ్డు వేరే రాజ్యం.

శకుంతల రెండు దారులు

సూర్యాపేటకు కూతవేటు దూరంలో ఉన్న పిల్లలమర్రి మీకు తెలిసిన ఊరే. రేచర్ల రెడ్డి సామంతులు 12వ శతాబ్ది చివర, 13వ శతాబ్ది మొదట కట్టించిన ఆలయాలు అక్కడ ఉన్నాయి. 15వ శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదేనని సాహిత్య చరిత్రకారులు చాలామంది భావించారు. ఆయన రాసిన 'శృంగార శాకుంతలం' మహాభారతంలోని కథనూ కాళిదాసు నాటకాన్నీ కలుపుకొని నడిచిన కావ్యం. శకుంతల కథ తెలుగులోకి సంస్కృతం నుంచి నేరుగా వచ్చింది.

జర్మనీకి అదే శకుంతల మరో దారిన వెళ్లింది. 1789లో కలకత్తాలో విలియం జోన్స్ కాళిదాసు నాటకాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు. ఆ ఇంగ్లిషు నుంచి గెయోర్గ్ ఫోర్‌స్టర్ 1791లో జర్మన్‌లోకి మార్చాడు. అది చదివి గోథే పరవశించి ఒక చిన్న పద్యం రాశాడు. ఆయన 'ఫౌస్ట్' నాటకం మొదట్లో కనిపించే రంగస్థల ప్రస్తావనకు సంస్కృత నాటకంలోని సూత్రధారుడి ప్రస్తావన ప్రేరణ అని విమర్శకులు చెబుతారు. గోథే చదివింది అనువాదానికి అనువాదం. మూలంలోని ప్రాకృత సంభాషణలూ, శ్లోకాల ఛందస్సూ ఆయనకు అందలేదు. అయినా అంత కదిలిపోయాడు.

తరువాతి తరం అంతటితో తృప్తిపడలేదు. మధ్యవర్తి వద్దు, మూలమే కావాలి అన్నారు. ఆగస్ట్ విల్‌హెల్మ్ ష్లేగెల్ సంస్కృతం నేర్చుకుని 1818లో బాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. జర్మనీలో భారతీయ విద్యకు ఏర్పడిన తొలి పీఠం అదే. జర్మన్‌ల చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇది. అనువాదం ఆకలి పుట్టించింది, భాష నేర్చుకోవడం దాన్ని తీర్చింది.

ఎదురు దారి: నల్లగొండలో మార్క్స్

ఇప్పుడు ఎదురు దారి చూద్దాం. జర్మన్ ఆలోచన మన ఊళ్లకు ఎలా వచ్చింది? అత్యంత బలంగా వచ్చింది కార్ల్ మార్క్స్ పేరుతో. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా ప్రధాన కేంద్రం. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాల్లో ఆనాటి జ్ఞాపకం లేని ఊరు అరుదు. మార్క్స్ పేరు అచ్చమైన పల్లె నోళ్లలో పలికింది. కానీ ఆయన రచనలు మన కార్యకర్తలకు ఎక్కువగా ఇంగ్లిషు అనువాదాల మీదుగానే చేరాయి. గోథేకు శకుంతల చేరిన దారి లాంటిదే.

దీనివల్ల ఏం తేడా వస్తుందో ఒక్క మాటతో చూపిస్తాను. కార్మికుడికి తన శ్రమ, తను చేసిన వస్తువు తనవి కాకుండా పోవడాన్ని మార్క్స్ ఎంట్‌ఫ్రెమ్‌డుంగ్ అన్నాడు. ఇంగ్లిషులో దీన్ని ఏలియనేషన్ అంటారు. అది లాటిన్ మూలం నుంచి వచ్చిన మాట, మామూలు ఇంగ్లిషు మనిషికి వెంటనే లోపలికి దిగదు. తెలుగులో మనం పరాయీకరణ అంటున్నాం. జర్మన్ మాట మధ్యలో ఉన్న ఫ్రెమ్ట్ అనే పదానికి అర్థం అచ్చంగా పరాయి. అంటే ఇంగ్లిషు మీదుగా తిరిగి వచ్చినా మన మాట ఇంగ్లిషు కంటే మూలానికే దగ్గరగా వచ్చి నిలిచింది. ఈ సంగతి జర్మన్ వచ్చిన తెలుగువాడికే కనిపిస్తుంది. జర్మన్ రానివాడు తెలుగు మాట ఇంగ్లిషుకు సరిపోయిందా లేదా అనే కొలుస్తూ ఉంటాడు.

ఉర్దూ మాధ్యమం నుంచి లైప్జిగ్‌కు

1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా మొదలైంది. ఇంగ్లిషు ఒక పాఠ్యాంశం మాత్రమే. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా అనువాద సంస్థ నడిపారు. ఆ ఉర్దూ తెలంగాణలోని తెలుగు పిల్లలకు మాతృభాష కాదనే చేదు నిజాన్ని దాచనక్కర్లేదు. లాటిన్ స్థానంలో జర్మన్ వచ్చినట్లు ఇక్కడ ఇంగ్లిషు స్థానంలో తెలుగు రాలేదు. అయినా ఆ ప్రయోగం ఒక విషయాన్ని రుజువు చేసింది. ఉస్మానియాలో చదివిన గణిత శాస్త్రవేత్త రజీయుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జి మీదుగా జర్మనీ వెళ్లి లైప్జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేశాడు. తొమాసియుస్ జర్మన్‌లో పాఠం చెబుతానని కాగితం అంటించిన విశ్వవిద్యాలయమే అది. ఉస్మానియా విద్యార్థే అయిన మహమ్మద్ హమీదుల్లా బాన్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. భారతీయ భాషలో సాగిన డిగ్రీ చదువు వీరికి అడ్డు కాలేదు.

ఇంజనీరింగ్ కోసం జర్మనీ వెళ్లిన మరో హైదరాబాదీ కథ వేరు. ఆబిద్ హసన్ అక్కడ చదువుకుంటూ సుభాష్ చంద్రబోస్‌ను కలిశాడు. ఆయనకు కార్యదర్శిగా, దుబాసీగా పనిచేశాడు. 1943లో జర్మన్ జలాంతర్గామిలో బోస్ వెంట బయలుదేరిన సహచరుడు అతనే. ఒక భాష రావడం వల్ల మనిషి ఎక్కడెక్కడ తేలతాడో ముందుగా చెప్పలేం.

విశ్వవిద్యాలయ స్థాయిలో జర్మన్ అధ్యయనం హైదరాబాద్‌లో స్థిరపడింది 1972 తరువాత. 1958లో ఏర్పడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థకు ఆ ఏడాది జర్మన్, ఫ్రెంచ్, రష్యన్ చేర్చి పేరు మార్చారు. మరుసటి ఏడాది దానికి విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. 2007 నుంచి అదే ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయం. డిగ్రీ నుంచి పరిశోధన దాకా జర్మన్ చదవాలనుకునే మీకు దగ్గరి దారి అదే. సూర్యాపేట నుంచి జాతీయ రహదారి మీద సుమారు 130 కిలోమీటర్లు.

పాఠశాల స్థాయిలో కథ ఇంత సాఫీగా లేదు. 2011లో కుదిరిన ఒప్పందంతో కేంద్రీయ విద్యాలయాల్లో జర్మన్ మూడో భాషగా వచ్చింది. 2014 నవంబరులో, విద్యా సంవత్సరం మధ్యలో, దాని స్థానంలో సంస్కృతాన్ని పెట్టారు. త్రిభాషా సూత్రంలో విదేశీ భాషకు చోటు లేదన్న వాదనలో బలం ఉంది. పిల్లల చదువును నడుమ కత్తిరించిన తీరును మాత్రం సమర్థించడం కష్టం. ష్లేగెల్ కథ చదివిన మనకు జర్మన్, సంస్కృతం పోటీ పడటమే వింతగా కనిపిస్తుంది.

తెలుగు నుంచి చూస్తే జర్మన్

ఇక మొదటి సందేహానికి వద్దాం. జర్మన్ వ్యాకరణాన్ని మన దగ్గర ఎక్కువగా ఇంగ్లిషు ద్వారా చెబుతారు. దాంతో తేలికైనవి కూడా కష్టంగా కనిపిస్తాయి. జర్మన్‌లో నాలుగు విభక్తులు. ఇంగ్లిషు విద్యార్థికి ఇది గుండెదడ. మీకు ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి చిన్నప్పుడే తెలుసు. జర్మన్ నాలుగూ స్థూలంగా అవే. మనం మార్పును నామవాచకం చివర చూపిస్తాం. వారు ఎక్కువగా నామవాచకానికి ముందు వచ్చే చిన్న మాటలో చూపిస్తారు: డెర్, డెన్, డెమ్, డెస్.

'నేను ఇంటికి వెళ్తున్నాను కాబట్టి' అనడానికి జర్మన్‌లో 'వైల్ ఇష్ నాఖ్ హౌజె గేయె' అంటారు. వైల్ అంటే కాబట్టి, గేయె అంటే వెళ్తున్నాను. కారణం చెప్పే మాట ముందుకు వెళ్లినా, క్రియ మాత్రం తెలుగులోలాగే వాక్యం చివరికి పోయింది. ఇంగ్లిషులో అది నడుమ ఉంటుంది. ఇలాంటి ఉపవాక్యాల్లో తెలుగు చెవికి జర్మన్ కొత్త కాదు. పెద్దవారిని జీ అని, దగ్గరివారిని డూ అని పిలవడం మన మీరు, నువ్వు తేడాయే. సమాసాలూ అంతే. చేతి జోడు అన్న అర్థంలో హాంట్‌షూ అంటే చేతి తొడుగు, రోగుల ఇల్లు అన్న అర్థంలో క్రాంకెన్‌హౌస్ అంటే ఆసుపత్రి. అమ్మాయి అనే మాట, మేట్‌షెన్, జర్మన్‌లో నపుంసక లింగమని అందరూ నవ్వుతారు. మనం తొందరపడి నవ్వకూడదు. 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఒకే క్రియ వాడేది మనమే.

కష్టం ఎక్కడో కూడా చెప్పాలి. ప్రతి నామవాచకానికీ లింగం కంఠస్థం చేయాలి. దీనికి దగ్గరి దారి లేదు. చంద్రుడు పుంలింగం, సూర్యుడు స్త్రీలింగం. సూర్యాపేట వారికి ఇది కాస్త మింగుడుపడని విషయమే.

2022-23 నుంచి జర్మనీలో విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చోట్ల బోధనా రుసుము లేదు. బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటివారు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. నర్సింగ్ చదివినవారికి మన రాష్ట్రంలోనే జర్మన్ నేర్పి పంపే ప్రభుత్వ ఏర్పాటు ఉంది. అయితే జర్మన్ అవసరం లేని ఇంగ్లిషు కోర్సులంటూ పట్టణాల్లో బోర్డులు కట్టేవారు ఒక మాట చెప్పరు. తరగతి ఇంగ్లిషులో ఉండవచ్చు గానీ, అద్దె ఇంటి ఒప్పందం, డాక్టరు రాసే చీటీ, పార్ట్‌టైం పని జర్మన్‌లోనే ఉంటాయి.

దూరవిద్య విద్యార్థులుగా మీరు గమనించాల్సిన సంగతి ఒకటి మిగిలింది. జర్మనీలో దూరవిద్య కోసమే ప్రత్యేకంగా హాగెన్ నగరంలో 1974లో ప్రభుత్వ విశ్వవిద్యాలయం పెట్టారు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, తపాలాలో వచ్చిన పాఠాలు చదివి డిగ్రీ పొందినవారు అక్కడ ఎంతోమంది ఉన్నారు. హైదరాబాద్‌లో మన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. రెండు చోట్లా విద్యార్థి చేతికి ముందుగా వచ్చింది ఇలాంటి పుస్తకమే, అతని మాతృభాషలో.

అభ్యాసం: మీ ఊళ్లో వాడుకలో ఉన్న 'పరాయి' అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో పెద్దవారిని అడిగి రాసుకోండి. తరువాత ఫ్రెమ్ట్ అనే జర్మన్ మాట అర్థాలను నిఘంటువులో చూసి, ఏవి కలిశాయో, ఏవి కలవలేదో ఒక పుటలో వివరించండి.